మూడు చుక్కల రుమాల

పద్నాలుగు మూరల తెల్లగుడ్డ పొడిగా ఉంటే చేతికి బరువే అనిపించదు. తడిస్తే కాస్త తెలుస్తుంది. అంతే. అలాంటి ఒక గుడ్డను నేను ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. దించడానికి చోటు దొరకలేదని చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. చోటు దొరికింది. మూడుసార్లు దొరికింది. మూడుసార్లూ నేనే భుజం మార్చుకుని ముందుకు నడిచాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగలిగేవాణ్నయితే ఎప్పుడో చెప్పేవాణ్ని. నా పేరు రాయను. ఇంత చెప్పుకునేవాడు పేరెందుకు దాస్తున్నాడని మీకు అనిపించవచ్చు. పిరికివాణ్ని కనుక. ఆ సంగతి మొదట్లోనే చెప్పేస్తే తర్వాత మీరు నా గురించి ఎక్కువ ఊహించుకోకుండా ఉంటారు.

మాది నారాయణఖేడ్ నుంచి కల్హేర్ వైపు పోయే దారిలో, రోడ్డుకి లోపలగా ఉండే ఊరు. మేం చాకలివాళ్లం. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అవ్వా, అంటే మా అమ్మా, నేనూ కలిసి ఊరి బట్టలు ఉతికేవాళ్లం. ఏడో తరగతి దాకా చదివాను, అది కూడా మిషన్ వాళ్ల బడి ఉండబట్టి. మా కులంలో మా ఊళ్లో అంత చదివినవాడు నేనొక్కణ్నే అని అవ్వ గొప్పగా చెప్పుకునేది. ఆ చదువు నాకు ఎందుకు పనికొచ్చిందో మీరే చూస్తారు.

ఊరందరి బట్టలూ ఒకే వాగులో తడుస్తాయి, ఒకే బండమీద ఆరుతాయి. తెల్ల ధోవతులన్నీ ఒకలాగే ఉంటాయి. ఎవరివి ఎవరికి చేరాలో తెలియడానికి మాకు గుర్తులుండేవి. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, సూదికంటిన రసంతో బట్ట మూలన గుర్తు పెడతాం. అది నల్లగా పట్టేస్తుంది. బట్ట పీలికలైనా ఆ గుర్తు మిగులుతుంది. ఒక్కో ఇంటిదీ ఒక్కో గుర్తు. అక్షరం రాని మా అవ్వ ఆ గుర్తులన్నీ కళ్లు మూసుకుని చెప్పేది.

మాణిక్యప్ప పటేలు ఇంటి గుర్తు అడ్డగీత. ఆయన పోయాక ఇంట్లో ముగ్గురు కొడుకులు, ఒక ముసలితల్లి మిగిలారు. అన్న ధోవతి తమ్ముడు కట్టుకుంటే ఆ ఇంట్లో రోజంతా రభస. అందుకని అవ్వ గీత కింద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పెద్దవాడు బస్వన్నకు ఒక చుక్క. నడిపాయనకు రెండు. చిన్నవాడు సంగన్నకు మూడు. ఆ మూడు చుక్కలు పెట్టే పని నాది. గీత కింద వరసగా, సమానమైన ఎడంతో పెట్టేవాణ్ని. చేతిపని బాగుంటుందని నాకు గర్వం.

మా పనిలో ఇంకో సంగతి ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పేదింట్లో పెళ్లి అయితే వాళ్లు చాకలి గడపకే వస్తారు. ఒక మంచి చీర, ఒక తెల్ల ధోవతి, ఒక రుమాల. రుమాల అంటే మా దగ్గర తలపాగా, జేబులో పెట్టుకునేది కాదు. ఉతకడానికి వచ్చిన బట్టల్లోంచి మంచిది చూసి రెండు రోజులకిస్తాం. వాళ్లు కట్టుకుని పెళ్లి చేసుకుని తిరిగిస్తారు. మళ్లీ ఉతికి అసలు ఇంటికి చేరుస్తాం. బట్టలవాళ్లకు అనుమానం ఉంటుంది, అయినా అడగరు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది. అయితే దానికొక హద్దుంది. ఎవరి బట్ట ఎవరి ఒంటిమీదికి పోకూడదో ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

ఆ హద్దు నేను దాటాను. దాన్ని తప్పని నేనిప్పటికీ అనుకోవడం లేదు. నా తప్పు దాని తర్వాత మొదలైంది.

సామ్యేలు కాక మాదిగ గూడెంలో ఉండేవాడు. వాళ్లు చాలా ఏళ్ల కిందటే కిరస్తానంలో కలిశారు. ఆయన కొడుకూ నేనూ మిషన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ కొడుక్కి మనూర్ దగ్గర ఊళ్లో సంబంధం కుదిరింది. పెళ్లికి రెండు రోజుల ముందు, మంగళవారం నాడు, కాక మా ఇంటికొచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. "పిలగానికి కొత్తంగి దొరికింది బిడ్డా" అని ఊరుకున్నాడు. తన సంగతి చెప్పలేదు. కాని ఆయన చేత్తో బట్టతల నిమురుకుంటున్నాడు. పెళ్లికొడుకు తండ్రి ఉత్త తలతో వియ్యంకుడి ముందు నిలబడాలి.

అవ్వ ఇంట్లో లేదు. ఎదురుగా మూట మీద సంగన్న రుమాల మడతపెట్టి ఉంది. ఎర్రంచుది. తన పెళ్లికి కట్టుకున్నది. నేను దాన్ని తీసి కాక చేతిలో పెట్టాను. "ఐతారం దాన్క తేవాలె కాకా" అన్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని చొక్కా లోపల దాచుకుని పోయాడు.

ఇక ఊళ్లో ఉన్న ఒక పగ సంగతి. మాణిక్యప్ప ఇంటికీ, పక్క చేను గంగారాం, విఠల్ అనే అన్నదమ్ములకూ గెట్టు పంచాయితీ, చేని హద్దు తగాదా. మూరెడు నేల. దాని మీద రెండేళ్లు తిట్లు, తర్వాత పశువులు చేలో పడటం, తర్వాత కట్టెలు పట్టుకోవడం. ఊరు రెండుగా చీలింది. మేం చాకలివాళ్లం ఎటూ కాదు. ఇద్దరి బట్టలూ ఉతికేవాళ్లం. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎటూ కాదు అన్న మాట. సంగన్న కూడా ఇంచుమించు అలాంటివాడే. పెద్దవాళ్లు గెట్టు దగ్గర అరుస్తుంటే ఆయన మంచె మీద పిట్టల్ని తోలుకుంటూ కూర్చునేవాడు. ఆ నెలలో ఆయన భార్య తుల్జమ్మ పురుటికి పుట్టింటికి పోయింది.

గురువారం సాయంత్రం, నారాయణఖేడ్ నుంచి నడిచి వస్తున్న గంగారాంనీ విఠల్‌నీ వాగు దగ్గర మోదుగు చెట్లలో నరికారు.

శుక్రవారం పొద్దున్నే నేను రేవులో ఉన్నాను. నాకింకా ఏమీ తెలియదు. సామ్యేలు కాక వచ్చి బండ వెనక కూర్చున్నాడు.

"రుమాల తేలేదు బిడ్డా."

"ఏడుంది?"

"ఇవుతలి ఒడ్డుకు రేగుకంపలల్ల ఇడిసిన. నెత్తురైంది. నెత్తురు పోతదా?"

నేనేమన్నానో తెలుసా? సల్లనీళ్లల్ల నానవెడ్తె పోతది అన్నాను. ఎవరి నెత్తురని అప్పటికి అడగనే లేదు. రుమాల సంగతే నాకు ముందు తట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క జవాబు గురించే ఎన్నిసార్లు సిగ్గుపడ్డానో లెక్క లేదు.

అప్పుడు చెప్పాడు. పెళ్లయ్యాక గూడెంలో వంట సంగతి చూడమని చెప్పడానికి ఆయన పెళ్లిబండ్ల కన్నా ముందు నడిచి వచ్చాడట. వాగు దగ్గర మూలుగు వినిపించింది. గంగారాం అప్పటికే పోయాడు. విఠల్ కడుపు పట్టుకుని పడున్నాడు. కాక తలమీది రుమాల విప్పి ఆయన కడుపు చుట్టూ గట్టిగా చుట్టాడు. దోసిట్లో నీళ్లు తెచ్చి పట్టాడు. విఠల్ రెండు గుక్కలు తాగాడు. ఏమీ చెప్పలేదు. కాక తొడమీద తలపెట్టుకుని ప్రాణం విడిచాడు.

తర్వాత కాక చేసిన పని వింటే మీకు వింతగా ఉంటుంది, నాకు కాదు. శవం మీది కట్టు విప్పేశాడు. ఎందుకంటే అది తనది కాదు. ఆదివారం లోపు తిరిగిస్తానని నాకు మాటిచ్చాడు. ఎరవు తెచ్చుకున్న బట్టను ఎలా వదిలేస్తాడు? చుట్టలు చుట్టి చంకలో పెట్టుకుని వాగు దాటాడు. అక్కడ, వెలుతురు తగ్గక ముందు, ఒకసారి విప్పి చూసుకున్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని తను ఊళ్లోకి ఎలా పోతాడో అప్పుడర్థమైంది. కంపలో పడేసి పరిగెత్తాడు.

"నేను పోయి చెప్త బిడ్డా. కట్టు కట్టిన అని చెప్త. నీళ్లు పోసిన అని చెప్త. గందుల తప్పేముంది?"

"పటేలు రుమాల నీ నెత్తిమీదికి ఎట్లొచ్చిందని అడుగుతరు కాకా. రొండు పీనుగల కాడ నువ్వేం చేస్తుంటివని అడుగుతరు. రేపు మీ గూడెం మిగుల్తదా?"

ఆయన లేచాడు. కాసేపు వాగులో చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

నేనన్నది నిజమే. ఆ రోజుల్లో ఆ మాట బయటపడితే గూడెంలో కప్పు మిగిలేది కాదు. కాని నిజం చెప్పినవాడి మనసు కూడా నిజంగానే ఉంటుందా? నేను వాళ్ల గూడేన్ని కాపాడానా, గూడెం పేరు చెప్పి నా గడపను కాపాడుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబొస్తుంది. ఎక్కువ రోజులు రెండోదే వస్తుంది.

నేను కంపల దగ్గరికి పోయి తెచ్చుకుందామనుకునేలోపే పోలీసులొచ్చారు. రుమాల దొరికింది. మూలన గీత, గీత కింద మూడు చుక్కలు.

మర్నాడు నన్ను పిలిచి ఎవరి గుర్తని అడిగారు. చెప్పాను. చెప్పకపోయినా ఊళ్లో ఎవరైనా చెప్పేవాళ్లే. చనిపోయినవాళ్ల బావమరిది ఒకడు, దూరం నుంచి చూశానని ముగ్గురు అన్నదమ్ముల పేర్లూ చెప్పాడు. పగలున్న ఊళ్లో అంతే, కొట్టినవాడితోపాటు ఆ ఇంట్లో మగవాళ్లందరి పేర్లూ చెప్తారు. సంగన్న మాత్రం తన రుమాల చాకలింట్లోనే ఉందని మొదటి రోజు నుంచీ అన్నాడు. ఉతికిన బట్టలు తీసుకుని సందుగ పెట్టెలో పెట్టేది ముసలితల్లి. ఆమెకు చూపు ఆనదు. వచ్చిందో రాలేదో యాది లేదంది. తుల్జమ్మ ఊళ్లోనే లేదు. ఇక తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

కోర్టుకు పోయే ముందు అవ్వకు అంతా చెప్పాను. ఆమె పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగింది. తర్వాత అంది, "ఇచ్చినమన్న మాట నోట్లకెల్లి రానియ్యకు కొడుకా. గది ఒకపారి బయటపడ్డదంటే మనకు ఒక్క గుడ్డ ఎవ్వలు ఎయ్యరు. ఏడికి పోయి బతుకుదం?" అవ్వమీద తప్పు తోసేయడానికి ఇది రాయడం లేదు. ఆమె భయపడింది. బోనెక్కింది నేను.

సర్కారు వకీలు రుమాల చూపించి గుర్తు ఎవరిదని అడిగాడు. మూడోవానిది, సంగన్నది అన్నాను. అది నిజం. తర్వాత ముద్దాయిల వకీలు లేచాడు. తెలివైనవాడు. సంగన్న చెప్పిన మాటను ఆయన నమ్మినట్టున్నాడు, సరిగ్గా అడగాల్సిందే అడిగాడు.

"ఆ వారం ఈ రుమాల మీ ఇంట్లోనే ఉంది, అవునా?"

"లేదు. సోమారమే ఇచ్చొచ్చినం."

"మీరు ఒకరి బట్టలు ఇంకొకరికి కట్టుకోవడానికి ఇస్తుంటారు కదా?"

"ఇయ్యం."

ఒక్క మాట. దానికి ముందు దేవునిమీద ప్రమాణం చేశాను. ఆ మాటంటూ సంగన్న వైపు చూశాను, ఎందుకు చూశానో తెలియదు. ఆయన ముఖంలో కోపం లేదు. నుదురు ముడిచి ఏదో జ్ఞాపకం చేసుకుంటున్నాడు. చదువుకున్నవాడు ఇంత గట్టిగా చెప్తున్నాడు, నేనే మరిచానేమో అన్నట్టుగా ఉంది. ఆయన తిట్టి ఉంటే నేను ఇంత కాలం ఈ ముఖాన్ని తలుచుకునేవాణ్ని కాదేమో.

ముగ్గురికీ యావజ్జీవం పడింది. ఇది నేను దించగలిగి దించని మొదటిసారి.

రెండోది అప్పీలు. పెద్దకోర్టులో అప్పీలు వేశాక రెండేళ్లు గడిచాయి. ఈలోపు సామ్యేలు కాక ఇంటిల్లిపాదీ పనికోసం హైదరాబాద్ పోయారు. చాలామంది పోయారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అక్కడే కాక జ్వరంతో చనిపోయాడని కబురొచ్చింది. నేను వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే ఒక సంగతి తోచింది. ఇక గూడెంలో ఆ ఇంటివాళ్లు ఎవరూ లేరు. చెప్పినా కాకకు ఏమీ కాదు. నా అడ్డు తొలగిపోయింది. ఇప్పుడు చెప్పొచ్చు.

చెప్పలేదు. అప్పుడు తెలిసింది, ఆ అడ్డు ఎప్పుడూ నేనే అని.

తుల్జమ్మ ఆ రోజుల్లోనే ఒకసారి మా ఇంటికొచ్చింది. చంకలో మూడేళ్ల బిడ్డ. అప్పీలు విచారణకు ముందు వకీలు ఏమన్నా కొత్త సంగతి ఉంటే చెప్పమన్నాడట. "నీకేమన్న యాదికొస్తుందా అయ్యా? సిన్నదైనా పర్వాలేదంటుండు వకీలు" అంది. ఏమీ లేదు పటేలమ్మా అన్నాను. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ని జైల్లో వేస్తారని నాకు తెలుసు. ఆ సంగతి చదువుకున్నవాడికే తెలుస్తుంది మరి. ఆమె తల ఊపి, పోతూ పోతూ సంగన్న బట్టల మూట గుమ్మంలో పెట్టింది. మనిషి లేకపోయినా నెలకొకసారి ఆయన బట్టలు ఉతకడానికి వేసేది. సందుగ వాసన పట్టొద్దని.

తీర్పు వచ్చిన రోజు ఇంటివాళ్లు వదిలేస్తారన్న ఆశతోనే ఉన్నారు. వకీలు ఏదో ధైర్యం చెప్పాడు. తర్వాత రెండు రోజులకు వస్తున్నారని కబురు తెలిసింది. వస్తున్నారు అని మాత్రమే తెలిసింది, ఎవరెవరో తెలియలేదు. తుల్జమ్మ నన్ను ముగ్గురికీ ఉతికిన బట్టలు తీసుకుని నారాయణఖేడ్ బస్టాండుకు రమ్మంది. జైలు బట్టల మైలతో ఊళ్లో అడుగుపెట్టొద్దని. సంగన్నకు కొత్త రుమాల కొనింది. దానిమీద మూడు చుక్కలు నేనే పెట్టాను. చుక్కలు సమానంగా రాలేదు.

మధ్యాహ్నం బస్సొచ్చింది. బస్వన్న దిగాడు. వెనక నడిపాయన దిగాడు. ఇంటివాళ్లు మెడలో దండలేశారు. తుల్జమ్మ బిడ్డను ఎత్తుకుని బస్సు తలుపు వైపే చూస్తోంది. ఇద్దరు ముసలమ్మలు దిగారు. కోడిగంప పట్టుకుని ఒకతను దిగాడు. కండక్టరు దిగి టీ తాగడానికి పోయాడు. ఆమె ఇంకా తలుపు వైపే చూస్తోంది. ఎవరూ ఆమెతో ఏమీ అనలేదు. నేను మూట పట్టుకుని ఆమె పక్కన ఉన్నాను.

బస్వన్న బట్టలు తీసుకోవడానికి నా దగ్గరికొచ్చాడు. పెద్ద మనిషి, కండ్లల్లో నీళ్లున్నాయి. నాకు మాత్రమే వినిపించేలా గొణిగాడు. "పోనోడు లోపట్నే ఉండె. పోయినోళ్లం బయటికొస్తిమి."

అప్పటిదాకా నాకొక ఊరట ఉండేది. రుమాల సంగన్న తలమీద లేదని నాకు తెలుసు, కాని సంగన్న వాగు దగ్గర లేడని నేనెలా చెప్పగలను? ఉన్నాడేమో. ఉంటే నా అబద్ధం వల్ల జరిగింది న్యాయమే కదా. రెండేళ్లు ఈ మాటను పట్టుకుని నిద్రపోయాను. బస్వన్న ఒక్క ముక్కతో దాన్ని కూడా తీసేసుకున్నాడు. ఆయన మాత్రం ఏం చెప్పగలడు? తమ్ముడు రాలేదని చెప్పాలంటే తను పోయానని చెప్పాలి.

వారం తర్వాత తుల్జమ్మ నన్ను తోడు తీసుకుని సంగారెడ్డి వకీలు దగ్గరికి పోయింది. ఆమెకు బస్సు బోర్డు చదవడం రాదు. వకీలు లేడు. గుమాస్తా ఇంగ్లీషు తీర్పు కాగితాలు ముందు పెట్టుకుని తెలుగులో చెప్పాడు. చూశానన్న సాక్షి చనిపోయినవాళ్ల చుట్టం, పగ ఉన్నవాడు. వాడి మాటొక్కటే నమ్మి శిక్ష వేయడానికి లేదు. అందుకే ఇద్దరినీ వదిలారు. సంగన్న విషయంలో వేరే సాక్ష్యం ఉంది. నెత్తురు రుమాల. అది ఆయనదని చెప్పినవాడు ఊరి చాకలి. ఇరుపక్షాల బట్టలూ ఉతికేవాడు. ఏ పక్షానికీ చెందనివాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేనివాడు.

గుమాస్తాకు ఆ చాకలిని నేనే అని తెలియదు. ఇంకో కాగితం తిప్పాడు.

మెట్లు దిగుతూ తుల్జమ్మ నా వైపు తిరిగింది. నా ముఖం చూసి భయపడినట్టుంది. "నువ్వెందుకు పరేషాన్ అయితవయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్. మా ఇంటి ఉప్పు తిన్నోనివి, అబద్ధం చెప్తవా?" అంది. నన్ను ఓదార్చింది. బస్టాండు దాకా నడిపించుకుని పోయి టీ ఇప్పించింది. నేను తాగాను. ఆ టీ తాగగలిగినవాణ్ని, నా గురించి మీరేమనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

తర్వాత ఏళ్లు గడిచాయి. అవ్వ పోయింది. నేను నారాయణఖేడ్‌లో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాను. ఊరి బట్టలు కొన్ని ఇక్కడికే వచ్చేవి, వాటిలో సంగన్న మూట కూడా. మొదట తుల్జమ్మ తెచ్చేది. తర్వాత తర్వాత ఆ చంకలోని బిడ్డే పెద్దదై తెచ్చింది. "మా నాయిన బట్టలు" అని చెప్పి పెట్టిపోయేది. ఆ పిల్ల ఆయన్ని ఆ బట్టల్లో ఎన్నడూ చూడలేదు.

శిక్ష ముగించుకుని సంగన్న తిరిగొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఉత్త తలతో తిరిగేవాడు, ఎంత ఎండ ఉన్నా. వచ్చిన నెలకు ఒక మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చి బల్లమీద కూర్చున్నాడు. మంచినీళ్లడిగి తాగాడు. దుకాణంలో మేమిద్దరమే. నేను ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను.

"ఒక్క మాట అడుగుత. గిది కోర్టు గాదు. పోలీసులు లేరు."

"అడుగు పటేలా."

"ఎవ్వలకిచ్చినవ్ రా?"

నేను తల ఎత్తలేదు.

"గా దినం పొద్దుగాల సందుగ మొత్తం ఎతికిన. రుమాల లేకుండె. ఉత్త నెత్తితోనే చేనుకు పోయిన. లోపట ఉన్నన్నేండ్లు గదే యాది చేసిన. అందరు కట్టుకపోయినవ్ కట్టుకపోయినవ్ అంటరు. అని అని నాకే అనుమానమొచ్చింది, నేనే కట్టుకపోయిన్నా ఏందని. వాగు కాడికి గిట నేనే పోయిన్నా అని సుత అనిపించేది కొన్ని దినాలు." గ్లాసు కింద పెట్టాడు. "ఎవ్వలకిస్తే ఇచ్చినవ్. నేనేమనను. ఇగ ఏమన్నా ఏమొస్తది? నా యాది నిజమని ఒక్కటి తెల్వాలె నాకు. గంతే."

దాచాల్సిన కాక లేడు. భయపడాల్సిన అవ్వ లేదు. గడపగడపకూ పోయి బట్టలడిగే బతుకూ లేదు. ఎదుటి మనిషి ఏమీ అననని తనే చెప్తున్నాడు. ఒక్క పేరు. మూడక్షరాలు. నోరు తెరిస్తే చాలు.

"నాకు యాది లేదు పటేలా" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోర్టులో చూసిన ముఖమే మళ్లీ పెట్టాడు, నుదురు ముడిచి. కాసేపటికి లేచాడు.

"అంగి కాల్తుంది సూడు" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? ఈసారి నా దగ్గర సాకు కూడా లేదు. చాలా ఆలోచించాను. ఆ పదమూడు పద్నాలుగేళ్లలో బజారులో నాకొక పేరొచ్చింది. నమ్మకస్తుడు, ఒక్క గుండీ కూడా పోనివ్వడు అని. కోర్టువాళ్లు కూడా నమ్మిన మనిషి అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ పేరు మీద నాకు మోజు. ఆయనకు తన జ్ఞాపకం తనకు దక్కితే చాలు, నాకు నా పేరు నాకుంటే చాలు, ఇద్దరిలో ఒక్కరికే దక్కుతుందంటే నేను నన్నే ఎంచుకున్నాను. ఇంతకన్నా గౌరవంగా చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

మరుసటి వానాకాలంలో సంగన్న చనిపోయాడు. జైల్లో పట్టిన దగ్గు తగ్గలేదు.

మాలో ఒక రివాజుంది. చనిపోయినవాళ్ల బట్టలు చాకలికిస్తారు. పదకొండో దినం తుల్జమ్మ మూట పట్టుకుని వచ్చింది. నా ముందు పెట్టి, "ఇగ ఇవి నీయే అయ్యా. నువ్వే కాపాడినవ్ గిన్నేండ్లు" అంది. నాలుగు ధోవతులు, రెండంగీలు, ఒక్కసారీ కట్టని కొత్త రుమాల. అన్నిటి మూలనా నా చేతి మూడు చుక్కలు.

అవి ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. నేను కట్టుకోలేను. ఎవరికీ ఇవ్వలేను. తుల్జమ్మ ఇప్పటికీ అంగడికి వచ్చినప్పుడు నా దుకాణం ముందు ఆగి బాగున్నవా అని అడుగుతుంది. ఆమెకు చెప్పాలి. ఎప్పుడు చెప్తానో తెలియదు, చెప్తానో లేదో కూడా తెలియదు, మీకు మాటివ్వను. నేనిచ్చే మాటల విలువ మీకు తెలిసిపోయింది. ఈ కాగితం మాత్రం రాశాను. ఇంతవరకు వచ్చాక ఇప్పుడు గుండె కొంచెం నెమ్మదించింది. అది కూడా నాకు దక్కకూడని సుఖమేమో.

ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. జవాబు బాకీ ఉంది. ఆయన వినడని తెలుసు, అయినా ఆయన అడిగిన మాటల్లోనే చెప్తాను.

సంగన్నా, సామ్యేలు కాకకిచ్చిన. కొడుకు పెండ్లికి కట్టుకున్నడు. నీ యాది నిజమే. గా దినం పొద్దుగాల నీ సందుగల రుమాల లేకుండె. నువ్వు ఉత్త నెత్తితోనే చేనుకు పోయినవ్.